పుస్తకం పట్టుకునే పిల్ల

విమల టీచరుగారి పెద్దకర్మకి చీరాల వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర వాళ్ళ అమ్మాయి నన్ను కాసేపు పరీక్షగా చూసి, "పుస్తకం పట్టుకునే పిల్లవి నువ్వేనా?" అని అడిగింది. నేను తల ఊపాను. "అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ పిల్ల వెనక నిలబడి చదువుతుంటే నాకు దాని రెండు జడలు తప్ప ఏమీ కనపడేవి కావు అనేది," అని నవ్వి, నా విస్తట్లో ఇంకాస్త పప్పు వేయించి వెళ్ళిపోయింది. నాతోపాటు మా ఊరి నుంచి వచ్చిన కోటి, నా చిన్ననాటి తరగతి నేస్తం, మోచేత్తో పొడిచి, "చూశావా, నీ మొహం ఎవరికీ గుర్తులేదు, జడలే గుర్తు," అంది. నేను ఇప్పుడు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే పనిలోనే ఉన్నాను. చిన్నపిల్లల ముందు రోజంతా మాట్లాడతాను గానీ, పెద్దవాళ్ళు నలుగురు కూర్చున్నచోట ఇప్పటికీ నోరు పెగలదు. ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు ఇంటికొచ్చాక డైరీలో రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ మూడో తరగతి గదిలోకి వెళ్ళిపోయాను.

మాది మిరప ఊరు. గుంటూరు నుంచి పడమటికి పోయే బస్సెక్కితే రోడ్డుకి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప, మధ్యలో అక్కడక్కడ పిడుగురాళ్ళ సున్నం లారీలు. సంక్రాంతి పోయాక మొదటి కోత దిగిందంటే ఎండలు ముదిరేదాకా ఊరంతటికీ ఒకటే వాసన. మొదట్లో అది పచ్చిగా, కాస్త తియ్యగా ఉంటుంది. కాయ ఎండేకొద్దీ మారిపోయి ముక్కు దూలాన్ని పట్టుకుంటుంది. బయటి ఊరి చుట్టాలు మా గడపలోకి వస్తూనే వరసగా తుమ్మేవాళ్ళు, మేము చూసి నవ్వుకునేవాళ్ళం. ఆ రోజుల్లో అమ్మ ఉతికిన బట్టలు దండెం మీద వేయకుండా వెనక గదిలో ఆరేసేది, దిండు గలేబులు రోజు విడిచి రోజు మార్చేది, ఎవరినీ కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా గడప దాటనిచ్చేది కాదు. రోజూ పాలకోసం వచ్చే పిల్లి కూడా ఆ రెండు నెలలూ మా ఇంటి మొహం చూసేది కాదు.

ఇల్లు అమ్మదైతే కల్లం నాయనమ్మది. ఊరి బయట మా చేలోనే కొంత నేల చదును చేసి, పేడనీళ్ళు చల్లి కల్లం చేసేవాళ్ళు. కోసిన కాయ అక్కడ ఎండబోసి, ఎండినదాంట్లోంచి రంగుపోయి తెల్లబడిన తాలు కాయలు ఏరించేవాళ్ళు. నాయనమ్మ పొద్దున్నే కాఫీ తాగి, తలకి తువ్వాలు చుట్టుకుని, కొబ్బరినూనె సీసా చంకలో పెట్టుకుని బయలుదేరేది. నూనె చేతులు మండినవాళ్ళకి. కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపేది. గింజలు గలగలమంటే ఎండినట్టు, లేకపోతే ఇంకో ఎండ కావాలి. "కాయని చెవితో చూడాలే," అనేది నాతో. అక్షరం ముక్క రాదు ఆవిడకి. కానీ తాలు ఏరే ఆడవాళ్ళలో ఎవరి చెయ్యి ఎప్పుడు ఆగిందో తల తిప్పకుండానే చెప్పేది. సెలవు రోజుల్లో నేను కల్లంలో గొడుగు నీడన కూర్చుని అట్ట లేని పాత వారపత్రికలు చదువుకునేదాన్ని. నన్నెవరూ పనికి పిలిచేవాళ్ళు కాదు. ఎందుకు పిలవరో అప్పుడు ఆలోచించలేదు.

విమల టీచరుగారు మా బడికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. చీరాల నేతపనివాళ్ళ ఇంటి ఆడపడుచు. వంకరగా కూర్చున్న వరసని, మగ్గం మీద పడుగులో తెగిన పోగు సరిచేసినట్టు, గదిమకుండా చేత్తో తాకి సరిచేసేవారు. బడిలో ఆకుపచ్చ బీరువా ఒకటి ఉండేది. అందులో బొమ్మల పుస్తకాలున్నాయని విన్నాం గానీ మాలో ఎవరూ చూడలేదు. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలని అంతకుముందున్నవాళ్ళు వాటిని బయటికి తీయలేదు. ఈవిడ మొదటి వారంలోనే తాళం తీసి అన్నీ నేలమీద పరిచారు. ఆ మర్నాడే ఒక తమాషా జరిగింది. కల్లాల నుంచి తిన్నగా బడికొచ్చిన పిల్లలు పుస్తకాలు తిరగేశాక, టీచరుగారు ఒకటి తీసుకుని, పేజీ అంటుకుని ఉంటే వేలు నాలుక మీద అద్దుకుని తిప్పారు. రెండు పేజీలు చదివేసరికి కళ్ళ వెంట నీళ్ళు. చెంబెడు నీళ్ళు తాగినా తగ్గలేదు. మా ఊళ్ళో పసిపిల్లలు కూడా కోతలు మొదలయ్యాక వేలు నోట్లో పెట్టుకోరని ఆవిడకెలా తెలుస్తుంది? వెనకనుంచి కోటి లేచి, "నీళ్ళు తాగితే ఎక్కువైద్ది టీచర్, మజ్జిగ తాగాల," అని, ఎవరూ పంపకుండానే పోయి పక్కింటినుంచి మజ్జిగ తెచ్చింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టారు. పుస్తకం ఒక్కరే పట్టుకోవాలి, మిగతావాళ్ళు చూడాలి. పట్టుకునే పని నాకిచ్చారు. నా చేతులు కల్లం ఎరగనివి కావడం ఒక కారణం. నా గొంతు లేవదని ఆవిడ కనిపెట్టడం అసలు కారణమనుకుంటాను. హాజరు పలికినా నా పక్కన కూర్చున్న పిల్లకి తప్ప వినపడేది కాదు. నోరు విప్పకుండా పిల్లలందరి ముందు నిలబడే పని అదొక్కటే. పుస్తకాన్ని ఛాతీకి ఆనించి బొమ్మ పిల్లల వైపు తిప్పి పట్టుకుంటే, టీచరుగారు నా వెనక నిలబడి, నా తలమీదుగా వంగి చదివేవారు. అలా పట్టుకున్నవాళ్ళకి బొమ్మ కనపడదు. నేను చూసింది మొహాలు. పులి వచ్చిందో, వాన వచ్చిందో, పిల్లల కళ్ళలో చూసి తెలుసుకునేదాన్ని. ఇంటికి వెళ్ళేముందు ఒక్కదాన్నే పుస్తకం తిప్పి చూసుకుంటే, నేను ఊహించుకున్న పులే బాగుందనిపించేది.

ఆ మొహాల్లో అందరికన్నా ముందు వెలిగేది కోటి మొహం. కోటి నాకన్నా రెండేళ్ళు పెద్దది. ఏటా కోతల కాలంలో వాళ్ళమ్మ నాగమ్మ వెంట కల్లాలకి పోయేది, ఎండలు ముదిరాక బడికి తిరిగొచ్చేది. వచ్చిన అక్షరాలు ఆ మధ్యలో పోయేవి. ఆ ఏడాది టీచరుగారు వచ్చీరాగానే నాగమ్మ వెంటపడి ఒప్పించారు. నాగమ్మ ఒప్పుకున్న మాట కోటి మాకందరికీ వాళ్ళమ్మ గొంతుతోనే చెప్పి చూపించేది: "చదువొస్తందంటే ఉంచుతా. రావట్లేదని తెలిసిందా, ఆ రోజే తీసుకపోతా. ఊరికే కూచునేదానికైతే కల్లంలో కూచుంటది." చెప్పేటప్పుడు నవ్వేది గానీ, ఆ మాట నిజమని మా అందరికీ తెలుసు.

ఆ పుస్తకాల్లో ఒకదాని మీద మా తరగతికి మోజు ఎక్కువ. ఒక పిల్ల తప్పిపోయిన మేకపిల్లని వెతుక్కుంటూ పోవడం కథ. మధ్యలో రెండు పేజీలు కలిపి ఒకటే బొమ్మ, అంచునుంచి అంచుదాకా తెల్లటి నేల, దూరంగా పొగ గొట్టం ఉన్న ఇల్లు, లావుపాటి కోటు, చేతులకి తొడుగులు వేసుకుని ముక్కుకి గుడ్డ చుట్టుకున్న పిల్ల. టీచరుగారు చదవకుండా, "ఏమిటర్రా ఇది?" అన్నారు. అందరూ ఒకే గొంతుతో, "పత్తి చేను," అన్నారు. "మరి అంత మందం చొక్కా ఎందుకు?" "మందు కొడతన్నారు టీచర్," అంది కోటి, తెలియనిదాన్ని చూసినట్టు చూసి. "వాసన తగలకుండా మూతికి గుడ్డ కట్టుకుంది. చేతులకి సంచులేసుకుంది, పత్తికాయ డిప్ప గీరుకోకుండా. ఆ ఇంట్లో పత్తి కట్టె పొయ్యి ఎలిగించారు. పత్తి చేలో తెల్ల మేకపిల్ల దూరితే ఇంకేం దొరుకుద్ది, అరిస్తే తప్ప." అట్టకి వెనకనున్న నాకు అక్షరాలు కనపడకపోయినా, అంతకుముందే చదివాను కాబట్టి ఆ పేజీలో మంచు అని ఉందని తెలుసు. మాకు తెలిసిన మంచు తెల్లారగట్ల మిరపాకు మీద తడిగా ఉండి, సూర్యుడు రాగానే పోయేది. నేలమీద పడుకునే మంచుని ఊళ్ళో ఎవరూ చూడలేదు. టీచరుగారు దిద్దలేదు. "సరే, అరిచిందా మరి?" అని అడిగారు. కోటి కథ అలా సాగింది. రోజూ ఆ పేజీ రాగానే పిల్లలు వెనక్కి తిరిగి కోటిని చూసేవాళ్ళు.

ఇంకో వారానికి తనిఖీకి ఒక సారు వచ్చాడు. మంచివాడే, మెత్తగా మాట్లాడాడు. ఎవరు చదువుతారని అడిగితే కోటి లేచింది. ఆ పుస్తకమే తీసుకుంది, ఆ పేజీయే తెరిచింది, అక్షరాల కింద వేలు పెట్టి జరుపుకుంటూ తన పత్తి చేను కథ చెప్పింది, ఎక్కడా తడబడకుండా. సారు వింటూ వచ్చి పుస్తకంలోకి తొంగి చూశాడు. "పత్తి అని ఎక్కడుందమ్మా?" అన్నాడు. "ఇదిగో సార్, ఇంతా పత్తే," అని కోటి పేజీ మీద అరచెయ్యి తిప్పింది. ఆయన పుస్తకం తీసుకుని, ముందు వరసలో ఉన్న నాకిచ్చాడు. చదవమన్నాడు. జీవితంలో మొదటిసారి నా గొంతు గదిలో ఆ చివరిదాకా వినపడింది. "నేలంతా మంచు పరుచుకుంది." ఆయన నా తల నిమిరాడు. టీచరుగారితో మాత్రం, "బొమ్మలు సరదాకి బాగుంటాయమ్మా. అక్షరాలు ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు. "మొదలుపెట్టే ఉన్నానండి. ఆ పిల్ల దగ్గర మాటలున్నాయి, అక్షరాలు వాటి వెంట వస్తాయి," అన్నారావిడ. సారు ఏదో రాసుకున్నాడు. కోటి నా వైపు చూడలేదు. ఆ సాయంత్రం డైరీలో, అప్పట్లో అది రూళ్ళ నోటుపుస్తకం, "ఇవాళ గట్టిగా చదివాను" అని ఒక వాక్యం రాసి, ఆపైన ఏం రాయాలో తెలియక మూసేశాను.

పిల్లల నోళ్ళు ఆగుతాయా? పొద్దుగూకేసరికి నాగమ్మకి తెలిసింది, కోటి చదువు చదువు కాదని, బొమ్మ చూసి కల్పించి చెబుతోందని. మర్నాడు కోటి బడికి రాలేదు. ఆదివారం నేను నాయనమ్మతో కల్లానికి వెళితే, కోటి మా కుప్ప దగ్గరే కూర్చుని ఉంది, వాళ్ళమ్మ పక్కన, తలకి చిన్న గుడ్డ కట్టుకుని. చేతులు పెద్దవాళ్ళ చేతులకన్నా వేగంగా ఆడుతున్నాయి. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "పక్కకి జరుగు, కాయ తొక్కుతున్నావు," అంది, అంతే. నాయనమ్మ అది చూసి, "పిల్ల చెయ్యి బాగా సాగుతోందే నాగమ్మా," అని మెచ్చుకుంది. బడిలో కూర్చోవాల్సిన పిల్లని తెచ్చి మా కల్లంలో కూర్చోబెట్టారు. అందుకు సారు ముందు నేను చదివిన వాక్యం కూడా కారణమే.

అప్పుడే విమల టీచరుగారు వచ్చారు, గట్టు మీద నడిచి, చేతిలో ఆ పుస్తకంతో. నాయనమ్మతో నమస్కారాలూ మంచినీళ్ళూ అయ్యాక సంగతి ఎత్తారు. "నన్నడుగుతావేంటమ్మా," అంది నాయనమ్మ. "నేను పిల్లల్ని రమ్మనను, పొమ్మనను. వాళ్ళమ్మ తెచ్చుకుంది." టీచరుగారు చీర కుచ్చెళ్ళు దోపుకుని నాగమ్మ ఎదురుగా కుప్ప దగ్గర కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టారు. మూడు కాయలకి ఒకటి మంచికాయ తాలులో వేస్తుంటే ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. "టీచరుగారూ, మీరు ఏరింది మళ్ళీ ఏరటానికి ఇంకో మనిషి కావాల," అంది ఒకామె. నాగమ్మ నవ్వలేదు. "మంచేదో పత్తేదో తెలీని చదువు ఎందుకండీ దానికి?" అంది.

టీచరుగారు నన్ను పిలిచి పుస్తకం ఇచ్చారు. పట్టుకోమన్నారు. తెల్ల పేజీ తెరిచి చూస్తే, అచ్చువేసిన వాక్యం మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దానిమీద పెద్ద అక్షరాలతో, కోటి మాటలు: పత్తి పగిలింది. చేనంతా తెల్లగా ఉంది. మేకపిల్ల కనపడలేదు. దాని అరుపు వినపడుతోంది. బొమ్మని కల్లంలో ఆడవాళ్ళందరివైపూ తిప్పాను. చేతులు ఆగాయి. "అమ్మో, అంత పత్తి ఏరాలంటే మన నడుములు మనకుండవు," అని ఒకామె. "ఆకు ఒక్కటి పచ్చగా లేదే. ఎవడు కొట్టాడో ఆ మందు," అని నాయనమ్మ, తువ్వాలు సర్దుకుని ఇంకాస్త దగ్గరికి జరుగుతూ. టీచరుగారు కోటిని చదవమన్నారు. కోటి చేతిలో ఉన్న కాయ కుప్పలో వేసింది. తర్వాత ఆ కాగితం వైపు చూసి, చూసి, అవి తన మాటలేనని తెలిసి, నాలుగు వాక్యాలూ గడగడ చెప్పేసింది.

"అది నోటికొచ్చిన పాట," అంది నాగమ్మ. "దానంతట అది చెప్పుకున్నదే మళ్ళీ చెప్పింది. మధ్యలో ఏదో ఒక మాట చూపించి అడగండి." టీచరుగారు వేలు చాచబోతే, నాగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మీరొద్దు. మీరు తేలికది చూపిస్తారు. బుజ్జమ్మ చూపిస్తది. ఆ పిల్లకి అబద్ధం రాదు." అందరూ నా వైపు చూశారు. పుస్తకం పక్కకి తిప్పుకుని ఆ నాలుగు వరసలూ చూశాను. "పత్తి" చూపిస్తే కోటికి వస్తుందని నాకు తెలుసు. ఆ ఒక్క మాటా బీరువా మీద, బడి గోడమీద, ఎక్కడ పడితే అక్కడ సుద్దతో రాస్తుండేది. కానీ నాకు అబద్ధం రాదని నాగమ్మ అందరిముందూ చెప్పింది. తేలిక మాట చూపిస్తే నేను మోసం చేసినట్టు, కష్టమైంది చూపిస్తే కోటి ఇక్కడే ఉండిపోయినట్టు. వేలు ఎటు పెట్టాలో తెలియలేదు. చివరికి ఆఖరి మాట మీద పెట్టాను. అన్నిటికన్నా పొడుగు మాట. కోటి దానివైపు చూసింది, నావైపు చూసింది, మళ్ళీ దానివైపు చూసింది. ఎవరో తుమ్మారు. "వినపడుతోంది," అంది కోటి.

నాగమ్మ నా మొహం చూసింది. అవునని తల ఊపాను. ఆవిడ ఒళ్ళో ఉన్న తాలు కాయలు దులుపుకుంది. తర్వాత, "మధ్యాహ్నం కూడు బెల్లు దాకా ఉంచుకోండి. తర్వాత ఇక్కడికి రావాల," అంది. నాయనమ్మ ఆ మాట విని, "అయితే కూలి మధ్యాహ్నం నుంచే లెక్క," అని మాత్రం అని కుప్ప అవతలికి వెళ్ళిపోయింది. మర్నాడు కోటి తలకి నూనె రాసుకుని బడికొచ్చింది. సగం రోజు బడి, సగం రోజు మా కల్లం. ఆ ఏడాది కోతలయ్యేదాకా అలాగే నడిచింది, పై ఏడాదీ అలాగే. పదో తరగతి దాకా చదివింది. ఇప్పుడు గుంటూరు దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో బస్తాలకి చీటీలు రాసి కడుతుంది. అక్షరాలు నావాటికన్నా గుండ్రంగా ఉంటాయి.

ఇన్నేళ్ళూ ఆ ఆదివారాన్ని నేను ఒకేలా గుర్తుపెట్టుకున్నాను. కష్టమైన మాట చూపించాను, కోటి చదివింది, నా అబద్ధం లేని వేలు వల్ల నాగమ్మ నమ్మింది. డైరీల్లో రెండు మూడు చోట్ల అలాగే రాసుకున్నాను. చీరాల నుంచి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న కోటితో ఆ మాటే అంటే, అది నా వైపు వింతగా చూసింది.

"ఆ మాట నాకప్పుడు రాలేదు బుజ్జీ," అంది. "నీ నోరు చూసి చెప్పా."

నేను దానివైపు తిరిగాను.

"నువ్వు వేలు పెట్టి లోపల్లోపల చదువుకుంటున్నావు. పెదాలు కదిలినయ్. మాట పొడుగ్గా సాగింది. నేను చెప్పినవాట్లో పొడుగువి రెండే, కనపడలేదు, వినపడుతోంది. మొదట్లోనే నీ కింది పెదవి పళ్ళకి ఆనింది, వి అనేటప్పటిలా. ఐతే అదేలే అనుకున్నా. కావాలనే చెబుతున్నావనుకున్నా, సారు దగ్గర చేసినదానికి బదులు."

"లేదు. నాకు తెలియనే తెలియదు."

"నీకు తెలీదేమో, టీచరుగారికి తెలుసు. ఆవిడ నీ మూతే చూస్తా ఉంది." కోటి అద్దం లాగి బయటికి తిరిగింది. బస్సు పత్తి చేల మధ్యనుంచి పోతోంది. అటు చూస్తూనే, "చదవటం తర్వాత వచ్చిందిలే, ఆ పొద్దుటి పూటల్లో," అంది.

ఇప్పుడు మా బడిలో బీరువాకి తాళం లేదు. పుస్తకాలు గోడకి కట్టిన తాడుకి వేలాడుతుంటాయి, ఎవరైనా అందుకోవచ్చు. గోడమీద పెద్ద తెర ఉంది, దానిమీద బొమ్మలు కదులుతాయి, మాట్లాడతాయి, పట్టుకునే పిల్ల అవసరం లేదు. మంచు అంటే ఏమిటో మొదటి తరగతి పిల్లలకి కూడా తెలుసు, ఫోన్లలో చూస్తారు. మా కల్లంలో పేడనీళ్ళు చల్లడం పోయి పట్టాలు పరుస్తున్నారు. నాయనమ్మ లేదు, కాయని చెవితో చూసేవాళ్ళూ లేరు. అవన్నీ తూకం వేసి అప్పుడు మేలా ఇప్పుడు మేలా అంటే, తాళం లేని బీరువాయే మేలని నిస్సందేహంగా అంటాను. తెరమీద బొమ్మ మారేముందు ఎవరూ వెనక్కి తిరిగి ఎవరి మొహమూ చూడకపోవడం మాత్రం నాకు వెలితిగా ఉంటుంది.

మొన్న సోమవారం చదువు పరీక్ష పెట్టాం. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, నాలుగు వాక్యాలున్న కార్డు ఇచ్చి, చదివారో లేదో ఫోన్‌లో గుర్తు పెట్టాలి. పక్కన ఎవరూ ఉండకూడదు. టీచరు సాయం చేయకూడదు. కోతలకి పడమటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళ పిల్ల ఒకతి, మా బడిలో చేరి ఇంకా నెల కాలేదు. చదివినట్టు గుర్తు పడితే మా తరగతిలో ఉంటుంది, పడకపోతే రెండు తరగతులు వెనక్కి వెళ్ళి చిన్నపిల్లల మధ్య కూర్చుంటుంది. అలా కూర్చోబెట్టిన పెద్దపిల్లలు ఎన్నాళ్ళు బడికి వస్తారో నేను చూశాను. ఆ పిల్ల మూడు వాక్యాలు మెల్లగా చదివింది. నాలుగో దాంట్లో ఒక మాట దగ్గర ఆగి, కార్డు మీద వేలు అలాగే ఉంచి, తలెత్తి నా మొహంలోకి చూసింది. నేను మొహం తిప్పుకోలేదు.